చంకలో పాపాయి, చేతిలో పాస్‌పోర్టు

చంటిపిల్లనెత్తుకుని పక్కవీధిలో పేరంటానికి వెళితేనే పది సలహాలు మన వెంట ఇంటికొస్తాయి. అలాంటిది సముద్రం దాటి వెళుతున్నామంటే ఊరుకుంటారా? 2023లో మావారికి మలేషియాలోని పెనాంగ్‌లో రెండేళ్ళ ఉద్యోగం ఖాయమయ్యేసరికి మా పాపకి అయిదో నెల. రాజమండ్రిలో మా ఇంటికి కాఫీకి ఎవరొచ్చినా, ఓ సలహా చెప్పి మరీ గ్లాసు కింద పెట్టేవారు.

అందరిలోకీ పెద్ద చిట్టా మా అత్తయ్యగారిది. "భూమధ్యరేఖ పక్కనేనటగా! పసిదాన్ని ఆ ఎండల్లోకి ఎలా తీసుకెళతావే?" అని ఆవిడ బెంగ. నిజమే, పెనాంగ్ భూమధ్యరేఖకి అయిదు డిగ్రీల పైనే ఉంది. అయినా అక్కడ ఏడాది పొడుగునా పగటి వేడి 32 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ, అంతే. మే నెలలో 45 డిగ్రీలు చూసిన గోదావరి వాళ్ళం మనం. ఆ లెక్కన పాపని వేసవి విడిదికి తీసుకెళుతున్నట్టే! ఈ మాటంటే ఆవిడ నవ్వలేదు సరికదా, "వేళాకోళాలకేం లోటులేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

అసలు చిక్కు పాస్‌పోర్టు దగ్గర వచ్చింది. ఒళ్ళో పిల్లకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాల్సిందే. నాలుగేళ్ళలోపు పిల్లలకి ఫొటో మనమే తీయించి పట్టుకెళ్ళాలి. వెనక తెల్లగా ఉండాలి, కళ్ళు తెరిచి ఉండాలి, పట్టుకున్నవాళ్ళ చెయ్యి కనిపించకూడదు. సరిగ్గా ఆ క్షణానికే మా పాపకి నిద్రయినా వచ్చేది, ఆకలైనా వేసేది. చివరికి మంచం మీద తెల్లదుప్పటి పరిచి పడుకోబెడితే, మావారు పైనుంచి వంగి తీశారు. ఆ ఫొటోలో మా పాప, ఎవరో అప్పు తీసుకుని ఎగ్గొట్టినట్టు చూస్తూ ఉంటుంది.

విమానంలో ఏడ్చి గోల చేస్తుందని అందరూ భయపెట్టారు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి. మనమైతే గుటకలు మింగుతాం, పసిపిల్లలకి ఆ ఉపాయం తెలియదు. ఆ రెండు వేళల్లోనూ పాలు పడితే సరి, వాళ్ళంతట వాళ్ళే గుటక వేస్తారు. దిగబోతున్నామని చెప్పగానే కొంగు కప్పుకుని పాలిచ్చాను. కౌలాలంపూర్‌లో నేల తాకేసరికి పాప హాయిగా నిద్రపోతోంది. వెనక వరసలో పెద్దాయన మాత్రం రెండు చెవులూ మూసుకుని కూర్చున్నారు.

పెనాంగ్‌లో ఎండకంటే ఉక్క ఎక్కువ. బయట చెమట కారిపోతుంది, దుకాణంలో అడుగుపెడితే ఏసీకి ఒళ్ళు వణుకుతుంది. అందుకని పాపకి బయట ఒక్క పల్చటి నూలు చొక్కా, సంచిలో ఎప్పుడూ ఓ దుప్పటి. "నాలుగు చుక్కలు నీళ్ళు పట్టవే" అని ఫోనులో అత్తయ్యగారు. ఆరు నెలలు నిండేదాకా ఆకలికీ దాహానికీ తల్లిపాలే చాలని, నీళ్ళు తాగవలసింది తల్లేనని మా పిల్లల డాక్టరమ్మ చెప్పి పంపింది. అందుకే చెంబెడేసి నీళ్ళు నేనే తాగాను.

నేను నిజంగా భయపడింది దోమకి. డెంగ్యూ తెచ్చే దోమ పగటిపూట కుడుతుంది. దోమతెర రాత్రికేలే అనుకోవడానికి వీల్లేదు, మధ్యాహ్నం నిద్రకీ కట్టాల్సిందే. పూలకుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు కూడా వారం తిరక్కుండా పారబోయాలి.

ఇన్ని చేసినా, పాపకి ఆరు నెలలు నిండిన వారానికి ఓ రాత్రి ఒళ్ళు కాలిపోయింది. చూస్తే 39 డిగ్రీలు. మావారికి రాత్రి డ్యూటీ. డెంగ్యూ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి దగ్గరికి రానివ్వకూడదని తెలుసు. బరువుని బట్టి డాక్టరమ్మ రాసిచ్చిన కొలత ప్రకారం పారాసిటమాల్ చుక్కలు వేసి, టాక్సీ పిలిచి, అత్తయ్యగారికి ఫోన్ చేశాను. అక్కడ పదిన్నర, రాజమండ్రిలో ఎనిమిది.

ఇన్నాళ్ళూ సలహా మీద సలహా చెప్పిన మనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "నాకు ఆ ఊరు తెలీదు, ఆ డాక్టర్లు తెలీదు. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి తల్లీ. నేను ఫోన్ పెట్టను."

అన్నట్టే పెట్టలేదు. టాక్సీలోనూ, ఆసుపత్రి బల్ల మీదా, పాప రక్తం తీస్తుంటే నేను గోడవైపు తిరిగినప్పుడూ, ఆ ఫోన్‌లోంచి మా హాల్లో గోడగడియారం టిక్కుటిక్కుమనడం వినిపిస్తూనే ఉంది. డెంగ్యూ కాదని తేలింది. మూడో రోజుకి జ్వరం దిగిపోయింది.

తర్వాత వారం కూరల బజారులో ఓ ముసలావిడ మా పాప బుగ్గ పుణికి, "ఎన్నో నెలమ్మా?" అంది. తెలుగే! వాళ్ళ నాయనమ్మ శ్రీకాకుళం వైపునుంచి చంటిబిడ్డతో ఓడెక్కి వచ్చిందట, కొబ్బరితోటలో కూలికి. "అదుగో, ఆ లంకలో పెట్టీసినారంట, జబ్బుల్లేవని తేలేదాకా," అని సముద్రం వైపు చెయ్యి చూపించింది. పెనాంగ్‌కి పక్కనే ఉన్న జెరెజాక్ దీవి అది. ఓడల్లో వచ్చిన కూలీలని ఒకప్పుడు అక్కడే ఆపి ఉంచేవారు. రోజూ ఒడ్డునుంచి ఆ పచ్చని దీవిని చూస్తూనే ఉన్నాను, సంగతి తెలియదు.

ఆ తల్లికి జ్వరం కొలిచే సాధనం లేదు, వెంటనే పిలవడానికి టాక్సీ లేదు. 'నేను ఫోన్ పెట్టను' అనే అత్తగారు లేదు. ఒళ్ళో బిడ్డ మాత్రం ఉంది. ఆ బిడ్డ పెరిగి పెద్దయింది కనుకనే ఇవాళ ఈవిడ నా ముందు నిలబడి నవ్వుతోంది.

వెళ్ళబోతూ ఆవిడా ఊరుకోలేదు. "అరికాలికి కాటుకచుక్కయినా పెట్టలేదేటమ్మా? అందరి కళ్ళూ పిల్ల మీదే!" అంది.

ఆ సాయంత్రమే పెట్టాను. ఆ సంగతి ఫోన్‌లో చెబితే మా అత్తయ్యగారు, "అయిదో నెలనుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదేగా! సముద్రం అవతల ఎవరో చెబితే గాని చెవికెక్కలేదన్నమాట," అని సంతోషంగా కోప్పడింది.