తాళం వేసింది నేనే



ఈ వారం ఫెలోషిప్పుల సంగతి రాస్తానన్నాను. అది వచ్చే వారం. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం పిల్లవాడొకడు స్టాఫ్ రూముకు వచ్చాడు. మా పక్క ఊరు, మాదిగవాడ. "సార్, మా నాయినమ్మ పాటలు మీరు రాసుకున్నరట గదా. ఆమె చచ్చిపోయి ఆరేండ్లాయె. ఇంట్ల ఎవ్వరికీ పూరా రావు. మాకు ఇయ్యరాదుండ్రి" అన్నాడు. "రేపు తెస్త తమ్మీ" అన్నాను.

ఆ రాత్రి పాత హార్డ్ డిస్క్ తీశాను. పీహెచ్‌డీ కోసం సేకరించినవి మొత్తం 112 పాటలు. థీసిస్ అనుబంధంలోకి ఎక్కినవి 40. మిగతావన్నీ ఒక్క ఫైల్లో. ఆమె పాటలు అందులోనే. చేత్తో రాసుకున్న నోటుబుక్కులు హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు వదిలేశాను, ఫైలుంది కదా అని.

ఫైలుంది. తెరుచుకోలేదు. ఒక మిత్రుడు పాత కంప్యూటర్లో ఎట్లాగో తెరిచి పంపితే, పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు.

పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు తెలుగుగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన అక్షరాల బొమ్మలను కూర్చోబెడతారు. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే సొంత చోటు దొరికింది. నేను టైపు చేయించింది 2015లో. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. లినక్స్ వాడే నా రూమ్మేట్ "అన్నా, యూనికోడ్‌ల కొట్టుకో, లిబ్రే ఆఫీసుల దాచుకో, వారంల అలవాటైతది" అని వెంటపడ్డాడు. నాకేమో సబ్మిషన్ తొందర. యూనివర్సిటీ గేటు ముందరి షాపులో పేజీకి పదిహేను రూపాయలు. ఇచ్చేసి వచ్చాను.

ఆ షాపులోది పైరసీ కాపీ. కంపెనీకి పైసా కట్టలేదు కాబట్టి అదే స్వేచ్ఛ అనుకునేవాణ్ణి. స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ ఈ ఉద్యమం మాట్లాడేది ధర గురించి కాదు. మన ఇష్టమొచ్చినట్టు నడుపుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, పక్కవాళ్లకు పంచడం, మార్చినదాన్నీ పంచడం. పైరసీ కాపీ అంటే రాత్రిపూట దొంగతనంగా ఊరి బావిలో చేదుకున్న కడవెడు నీళ్లు. ఆ పూటకు దూప తీరుతుంది. బావి మనదవుతుందా? 1927లో మహాడ్ చెరువు నీళ్లను బాబాసాహెబ్ పట్టపగలు, వేలమందితో కలిసి పోయి తాగింది దూపకు కాదు కదా.

ఇవన్నీ చెప్పే నేనే క్లాసు నోట్సు వాట్సాప్ గ్రూపులో పెడతాను. "సార్ చెప్పేదొకటి చేసేదొకటి" అని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి. సెకండ్ హ్యాండ్ ఫోను, చిన్న డేటా ప్యాకు తప్ప ఇంకేమీ లేని పిల్లలకు సిద్ధాంతం చెప్పి నోట్సు ఆపలేను. నోట్సు నాది, పోతే మళ్లీ రాస్తాను. దానికి నాకంత బాధ లేదు.

పాటలు నావి కావు. ఆమె నాటు వేసి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆకలి మీదనే నాకు పాడింది. వాటిని తాళంచెవి నా దగ్గర లేని పెట్టెలో పెట్టాను, ఆమెను ఒక్క మాట అడగకుండా. నాకు మిగిలింది ఒక వారం. ఆమె మనవడికి పోయింది ఆమె గొంతు.

పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరమొకటి దొరికింది. చాలావరకు తెలుగు వచ్చింది గానీ ఒత్తులు, కొమ్ములు చెదిరిపోయాయి. ఒకచోట "గట్టు" అన్నదో "గుట్ట" అన్నదో తేలదు. డాక్టరేట్ ఉంది కాబట్టి ఊహించి పూరించగలను. పూరిస్తే అది నా పాటవుతుంది.

నిన్న ఆ పిల్లవాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు నేల చూశాడు. "మా మేనత్తకు సగం సగం యాదికుంటయి సార్. ఆమె ముంగట సదువుదాం" అన్నాడు.

ఆదివారం పోతున్నాం. తెలియని చోట్ల ఖాళీలు వదిలి ప్రింటు తీసుకున్నాను. పెన్సిలు వాడు తెస్తానన్నాడు.