ఎడమ చెయ్యి

2018 ఎండాకాలం అనగానే నాకు మంచం పక్కన పెట్టుకున్న స్టీలు చెంబు గుర్తొస్తుంది. ఫ్రిజ్ నీళ్ళు గుక్కెడు బుగ్గన పట్టి ఉంచితే ఎడమవైపు కింది దవడ పన్ను సలుపు ఆగేది. నీళ్ళు నోట్లో వేడెక్కగానే మళ్ళీ మొదలు. ఉమ్మెయ్యడం, ఇంకో గుక్క పట్టడం, తెల్లవార్లూ అదే పని. లవంగ నూనె, ఉప్పు నీళ్ళు, పక్కింటావిడ చెప్పిన జామాకులు అన్నీ అయిపోయాయి. పొద్దున నొప్పి మాత్ర వేసుకుని బడికి పోయేదాన్ని. చంపాపేటలో ప్రైవేటు బడి. జీతం 11 వేలు.

నాలుగో వారానికి నొప్పి దానంతటదే పోయింది. దేవుడు చల్లగా చూశాడనుకున్నాను. పన్ను లోపల నరం చచ్చిపోయిందనీ, ఇక చీము పడుతుందనీ అప్పటికి తెలియదు.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. చిన్నప్పుడు తాగింది బోరింగు నీళ్ళే. పళ్ళు లోపల తయారయ్యే వయసులోనే ఫ్లోరైడ్ పైపొరను పాడు చేస్తుంది. ఆ తర్వాత కృష్ణ నీళ్ళు తాగినా గోధుమరంగు చారలు పోవు. బళ్ళో అందరివీ అవే పళ్ళు కాబట్టి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సిగ్గు తెలియలేదు. హైదరాబాదు వచ్చాకే నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. భయం మాత్రం ఊళ్ళోదే. పదేళ్ళప్పుడు, బుగ్గ వాచి ఉండగా, ఆరెంపీ దగ్గర పన్ను పీకించారు. సూది వేశాడు గానీ మత్తు ఎక్కలేదు. కదలకుండా మా నాయిన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ నొప్పి మర్చిపోయాను గానీ ఆ పట్టు మర్చిపోలేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో ధైర్యం చేసి ఒక క్లినిక్‌కి వెళ్ళాను. ఆయన చిన్న అద్దం పెట్టి చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారు మేడం?" అన్నాడు. మూడు రూట్ కెనాల్స్, మూడు క్యాపులు, ఒకటి పీకడం. కాగితం మీద 46,000 అని రాసిచ్చారు. "ఈఎంఐ కూడా ఉంది" అంది కౌంటర్లో అమ్మాయి. ఆరోగ్యశ్రీ దీనికి రాదంది. ఆలోచించుకుని వస్తానని లేచాను. నిజం చెప్పొద్దూ, మెట్లు దిగుతుంటే ప్రాణం హాయిగా ఉంది. డబ్బు లేదంటే ఎవరూ కాదనరు. సూదికి భయమని చెప్పుకోవాల్సిన పని తప్పింది.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున బుగ్గ నిమ్మకాయంత వాచింది. బడిలో ఆయమ్మ చూసి, "అఫ్జల్‌గంజ్ పో టీచరమ్మా, ఉస్మానియా దగ్గర పండ్ల దవాఖాన ఉంది. మా ఆయనకు ఆడనే చేసిండ్రు" అంది.

అది ప్రభుత్వ దంత వైద్య కళాశాల. ఆ మర్నాడే ఏమీ తినకుండా పోయాను. ఓపీ చీటీ, తర్వాత ఎక్స్‌రే. నోట్లో పెట్టే ఫిల్ము అగ్గిపెట్టె కంటే చిన్నది. వరసగా కుర్చీలు, వాటి మధ్య గుయ్యిమనే ఆ చప్పుడు. నా వంతు రాకముందే కళ్ళు తిరిగి పడ్డాను. లేచేసరికి పీజీ చదివే అమ్మాయి బీపీ చూస్తోంది. మా చెల్లెలి వయసుంటుంది.

"ఇవాళ ముట్టుకోనక్కా. చీమున్నచోట మత్తు సరిగ్గా ఎక్కదు. అయిదు రోజులు మందులు వాడి రండి" అంది. చిన్నప్పుడు నాకు మత్తు ఎందుకు ఎక్కలేదో అన్నేళ్ళకు తెలిసింది. ఇంతోటి మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే!

ఆరో రోజు కుర్చీలో కూర్చోగానే చెప్పేశాను, నాకు చాలా భయమని. ఆమె నవ్వలేదు. "మత్తు సూదిలో ఇంకో మందు కలుస్తుంది, గుండె దడదడమంటుంది. అది మందు పని, రెండు నిమిషాల్లో తగ్గుతుంది. నొప్పయితే ఎడమ చెయ్యి లేపండి, ఆపేస్తా" అంది. దడ వచ్చింది, తగ్గింది. పెదవి మొద్దుబారి ఇంత లావైనట్టు అనిపించింది. మొదటిసారి చెయ్యి లేపినప్పుడు కొంచెం నొప్పే. రెండోసారి అనుమానం. మూడోసారి నొప్పి లేదు. ఆపుతుందో లేదో చూద్దామని లేపాను.

ఆపింది.

అన్నీ పూర్తయ్యేసరికి ఎండాకాలం సెలవులొచ్చాయి. జీతం కోతపడ్డ ఆరు రోజులు, మందులు, బస్సు ఛార్జీలు, క్యాపులు అన్నీ కలిపినా క్లినిక్ కాగితంలో సగం కాలేదు. గార చారల సంగతి అడిగితే, "ముందు పళ్ళు నిలబడనీయండక్కా" అంది. ఇప్పటికీ ఉన్నాయి.

మీలో ఎవరైనా నాలాగే వాయిదా వేస్తూ ఉంటే, కుర్చీలో కూర్చోగానే భయమని చెప్పెయ్యండి. పొద్దున్నే వెళ్ళండి, టిఫిన్ మాత్రం తినే వెళ్ళండి.