గుణదలలో కరెంటు లెక్క

గుణదల అనగానే కొండమీది మేరీమాత, ఫిబ్రవరి తిరునాళ్లు గుర్తొస్తాయి. నాకైతే విద్యుత్ సౌధ కూడా. రాష్ట్రంలో వాడకం తగ్గితే ఉత్పత్తి తగ్గించమని, పెరిగితే పెంచమని చెప్పేది ఇక్కడి లోడ్ డిస్పాచ్ సెంటరే.

మా డేటాసెంటర్ నెట్‌వర్క్‌లకు ఆ అలవాటు తక్కువ. అర్ధరాత్రి ట్రాఫిక్ పడిపోయినా స్విచ్‌లు దాదాపు అంతే కరెంటు తాగుతాయి. తిరునాళ్ల స్పెషల్ బస్సుల్ని ఏడాదంతా ఖాళీగా తిప్పినట్టు!

2010లో స్టాన్‌ఫర్డ్, హెచ్‌పీ పరిశోధకులు 'ఎలాస్టిక్‌ట్రీ'తో దారి చూపారు. ట్రాఫిక్‌ను కొన్ని స్విచ్‌ల మీదకే సర్ది, మిగతావి ఆపేస్తే నెట్‌వర్క్ కరెంటు సగందాకా మిగలొచ్చు. కానీ రద్దీ ఒక్కసారిగా పెరిగితే? ఆపిన స్విచ్ లేవడానికి టైం పడుతుంది. అదే భయం.

విశాఖలో గూగుల్ గిగావాట్ స్థాయి డేటాసెంటర్ ప్రకటించింది. ఆ భయాన్ని జయించే కోడ్ ఇప్పుడే రాయాలి.