దుప్పట్ల గదిలో రెండు మైకులు

తలుపు తీయగానే ముందు కనబడినవి దుప్పట్లు. మా కడప వైపు కువైట్ వెళ్లొచ్చిన మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా బీరువా అడుగున మడతపెట్టి ఉండే బొచ్చు దుప్పట్లే. పులిబొమ్మది ఒకటి, గులాబీలవి మూడు, నెమలిది ఒకటి. ఇక్కడ మాత్రం అవి గోడలకు వేలాడుతున్నాయి. ఫర్వానియాలో ఒక పాత భవనం, మూడో అంతస్తు, వంటింటి పక్కన సామాన్ల గది. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఆరు. జూలై నెల, శుక్రవారం మధ్యాహ్నం, బయట 48 డిగ్రీలు.

"చెప్పులు ఆడనే ఇడిసి రాండన్నా. ఇసుక లోపలికొస్తే మైకుకు మంచిది కాదు" అన్నాడు రాయచోటి తమ్ముడు.

పేరు రాయొద్దన్నాడు కాబట్టి అతను ఈ కథనం పొడుగునా రాయచోటి తమ్ముడే. పదకొండేళ్లుగా ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వారానికి ఒక్క పూట సెలవు. ఈ రికార్డింగు గది అద్దె ముగ్గురు స్నేహితులు పంచుకుంటారు. పాడేవాళ్ల దగ్గర పైసా తీసుకోరు. వచ్చినవాళ్లు బకాలా కొట్టులో కుబ్బూస్ రొట్టెలు, పెరుగు కొనుక్కొస్తే అందరూ కలిసి తింటారు. శుక్రవారం కువైట్ సిటీలోని ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఆరాధన ముగించుకుని వచ్చేవాళ్లు కొందరు, పల్లె పదాలు పాడేవాళ్లు కొందరు, ఊళ్లో కూతురి పెళ్లికి వెళ్లలేక గొంతైనా పంపుదామని వచ్చేవాళ్లు కొందరు.

నా పని వేరు. చెల్లెలి ఇంటికి నెలరోజులకని వచ్చాను. నా కథలు నేనే చదివి రికార్డు చేసుకోవాలని రెండేళ్లుగా కోరిక. హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధికి వెళ్లి మైకు కావాలంటే అంగడాయన "స్టూడియోకు కండెన్సర్, స్టేజీకి డైనమిక్" అని ఒక్క ముక్కలో తేల్చేసి, మెరిసే పెట్టె ఒకటి ముందుకు తోశాడు. కొనబోతుంటే మా బావ ఆపాడు. "ముందు ఆ దుప్పట్లోడి దగ్గరికి పోయిరా" అన్నాడు.

దుప్పట్లోడి దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి షూర్ ఎస్‌ఎం58. మన ఊరి రికార్డింగ్ డ్యాన్సులో, సభా వేదికల మీద, తిరనాళ్లలో చూసే బంతి తల మైకు. 1966లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపం. రెండోది రోడ్ ఎన్‌టీ1-ఏ, పెద్ద కండెన్సర్, రబ్బరు తాళ్ల ఊయలలో వేలాడుతోంది.

"సైకిల్ డైనమో చూసినావు గదన్నా?" అని మొదలుపెట్టాడు. చూశాను. టైరుకు ఆనించి తొక్కితే దీపం వెలిగేది. ఈ మైకులోనూ అంతే. పలుచని పొర వెనక సన్నని తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం. గొంతు తగిలి పొర కదిలితే చుట్ట కదులుతుంది, కరెంటు పుడుతుంది. బయటి నుంచి విద్యుత్తు అక్కర్లేదు. కిందపడినా, చెమట కారినా పెద్దగా లెక్కచేయదు. కాకపోతే పొర ఆ తీగచుట్టను మోస్తూ కదలాలి. బరువు మోసేవాడు వేగంగా మలుపు తిరగలేడు. అందుకే ఎస్‌ఎం58 కంపెనీ లెక్కలోనే 15,000 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది.

కండెన్సర్ అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సీలింగ్ ఫ్యాను. ఫ్యాను తిరగకపోతే మార్చేది అదే కదా. మైకులో ఉన్నదీ ఆ జాతిదే. రెండు పలకల మధ్య విద్యుదావేశం నిలిచి ఉంటుంది. ఒక పలక గట్టిది, రెండోది బంగారు పూత పూసిన, కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పొర. గొంతు తగిలితే పలకల మధ్య ఎడం మారుతుంది, ఆ మార్పే పాట. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఎడ్వర్డ్ వెంటె 1916లో దీన్ని తయారుచేశాడు. పొర మీద బరువేమీ లేదు కాబట్టి శ్వాసను కూడా పట్టేస్తుంది. దీనికి మాత్రం బయటి నుంచి విద్యుత్తు కావాలి. అదీ 48 వోల్టులు, అదే తీగ గుండా.

ఆ 48 అంకె వెనక ఒక ముచ్చట ఉంది. 1966లో జర్మనీ వారి నోయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకులు చేసింది. శీతాకాలంలో చీకటి ఎక్కువ ఉండే దేశం కనుక ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే వాడుకున్నారు. అదే ప్రపంచానికంతా ప్రమాణమైపోయింది. ఉత్తర ధ్రువపు చీకటి లెక్క, ఎడారిలో మా ముందు మైకులు తగిలించిన డబ్బా మీద ఎర్రదీపమై వెలుగుతోంది.

అసలు సంగతికి వస్తాను. నేను విన్నదల్లా ఒకటే: కండెన్సర్ గదిలో చప్పుళ్లన్నీ పట్టేస్తుంది, డైనమిక్ పట్టదు. ఏసీ ఆపడానికి వీల్లేని ఊళ్లో ఇక ఆలోచించేదేముంది? ఇదే మాట తమ్ముడితో అన్నాను. నవ్వాడు.

"నేనూ అట్లే అనుకుంటి. మూడేండ్లు అట్లే చెప్తాంటి కూడా. కూకోండి, చూపిస్తా."

రెండు మైకులూ పక్కపక్కనే, నా నోటికి సరిగ్గా జానెడు దూరంలో పెట్టాడు. ఒక పేరా చదవమన్నాడు. మీటలు తిప్పి, నా గొంతు రెండింటిలోనూ ఒకే ఎత్తులో వచ్చేదాకా సరిచేశాడు. డైనమిక్ మీట చాలా దూరం తిప్పాల్సి వచ్చింది. ఒకే గొంతుకు ఎస్‌ఎం58 ఇచ్చే విద్యుత్తు కంటే ఈ కండెన్సర్ ఇచ్చేది 13 రెట్లు ఎక్కువ, డెసిబెల్స్‌లో 22 పైన. సమం చేశాక నన్ను నోరు మూసుకోమన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించాడు. వినిపించింది ఏసీ ఒక్కటే.

డైనమిక్‌లో ఏసీ. కండెన్సర్‌లో ఏసీ. ఇంచుమించు అంతే. కండెన్సర్‌లో అడుగు గుర్రు కాస్త లోతుగా, గాలి సన్నగా మరికాస్త వినిపించింది. "భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా" అని నేను మోసుకొచ్చిన నమ్మకం అక్కడే కూలిపోయింది.

మరి లోకమంతా ఎందుకలా అంటుంది? మీట సమం చేయకుండా పోల్చడం వల్ల. అంతకంటే ముఖ్యంగా, నిలబడే దూరం వల్ల. డైనమిక్‌కు దగ్గరికి రాకపోతే వినబడదు, కాబట్టి మనిషి తనంతట తనే పెదవులు ఆనించినంత దగ్గరికి వస్తాడు. కండెన్సర్ దూరం నుంచే పలుకుతుంది, కాబట్టి మనిషి వెనక్కి వాలతాడు. చప్పుడును ఆపింది మైకు కాదు, దూరం.

మన పాత కొలతలు ఈ లెక్కకు అచ్చంగా సరిపోతాయి. జానెడు అంటే తొమ్మిది అంగుళాలు, బెత్తెడు అంటే మూడు. దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. జానెడు నుంచి బెత్తెడుకు వస్తే తొమ్మిదిన్నర. ఏసీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఒక్క మెట్టు కూడా పెరగదు. ఆ తొమ్మిదిన్నర డెసిబెల్స్ ఏ అంగట్లోనూ అమ్మరు.

బెత్తెడు దగ్గరికి రావడానికీ వెల ఉంది. అంత దగ్గరలో గొంతులో బరువు పెరుగుతుంది. పీలగొంతుకు అది వరమే. కానీ తెలుగులో ఒత్తక్షరాలతో చిక్కు. 'భ', 'ఫ', 'ధ' పలికినప్పుడల్లా గాలి దెబ్బ మైకు మీద పడి టప్పుమంటుంది. 'శ', 'ష', 'స'లు కండెన్సర్‌లో ఈలవేస్తాయి. "నోటికి ఎదురుగా పెట్టొద్దు, దవడ పక్కకు జరుపు. మైకు వీపు ఏసీ దిక్కు ఉండాల" అన్నాడు. ఈ రెండు మైకులూ ముందు నుంచి వినేవి, వెనక వైపు చెవుడు. ఆ చెవుడునే ఏసీకి చూపించాలి. మైకు ఖరీదు గురించి గంటలు మాట్లాడేవాళ్లు ఈ ఒక్క మాట చెప్పరు.

అస్ర్ అజాన్ వినబడింది. తమ్ముడు రికార్డింగు ఆపి గడియారం చూశాడు. పక్కనే మసీదు. అజాన్ వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాడు, వాటి మధ్యలోనే పాటలు. అప్పుడే అమ్మ వచ్చింది.

అందరూ అమ్మా అనే పిలుస్తారు. రాజంపేట వైపు ఊరు. ఇరవై ఏళ్లుగా ఇక్కడి ఇళ్లలో వంట. అరవై దాటిన వయసు, గొంతు గుసగుసకూ పాటకూ మధ్యలో ఉంటుంది. ఆమెకొచ్చిన సువ్వి పాట, వడ్లు దంచుతూ పాడేది, మనవరాలికి పంపాలి. అంతకుముందు వారం డైనమిక్‌లో పాడించారట. "ఇంటావా అన్నా" అని వినిపించాడు. పాట వెనక సన్నగా ఇసుక రాలుతున్నట్టు సర్‌మనే చప్పుడు. గొంతే చిన్నది, మైకు ఇచ్చేదీ చిన్నది. చవక డబ్బా మీట చివరిదాకా తిప్పేసరికి ఆ డబ్బా సొంత చప్పుడే పైకి తేలింది. బెత్తెడు దగ్గరికి రమ్మంటే ఆమెకు ఆ ఇనుప బంతిని చూసి బెరుకు, పాట మరింత లోపలికి పోయింది.

ఈసారి కండెన్సర్. తమ్ముడు ఏసీ ఆపాడు. వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మరిచిపోకుండా తన కారు తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాడు. ప్లగ్గు పెట్టకుండా ఇంటికి పోలేడన్నమాట. ఆ తెలివికి ముచ్చటేసింది. తలుపు మూశాం. రెండు నిమిషాల్లో వీపు మీద చెమట కారడం తెలుస్తోంది. అమ్మ పీట మీద కూర్చుంది, మైకు మూరెడు దూరంలో. ఎదురుగా ఏమీ లేనట్టు, తొడ మీద చేత్తో దంపుదెబ్బ వేసుకుంటూ మొదలుపెట్టింది. దెబ్బదెబ్బకూ గాజులు గల్లుమంటున్నాయి.

"గాజులు తీస్తావా అమ్మా?"

"తీయను నాయనా."

మళ్లీ అడగలేదు. నాలుగు నిమిషాల పాట. ఊపిరి తీసుకోవడం, చరణం మరిచి ఒక క్షణం ఆగడం, గాజులు, అన్నీ వచ్చాయి. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు ఆమె నా భుజం పక్కన కూర్చుని దంచుతున్నట్టే ఉంది. గాజులు తీయించి ఉంటే ఆ రికార్డింగు సగం చచ్చేది. ఆ మధ్యాహ్నం కండెన్సర్ గెలిచింది. గెలిపించింది ఏసీ ఆపిన ఆ నాలుగు నిమిషాలు.

కువైట్ వాళ్ల పాట విషయంలోనూ ఇదే అనుభవం అయిందట. వాళ్ల 'సౌత్' సంగీతంలో ఊద్ వాద్యం, మిర్వాస్ అనే చిన్న డోలు, చుట్టూ కూర్చున్నవాళ్ల చప్పట్లు కలిసి నడవాలి. 1920ల చివర ఇక్కడి గాయకులు బాగ్దాద్ వెళ్లి ఈ పాటలు గ్రామఫోన్ రికార్డులకు ఇచ్చారు. విద్యుత్ మైకుతో రికార్డింగు వ్యాపారంలోకి వచ్చిందే 1925లో. తమ్ముడి యజమాని దివానియాలో, అంటే అతిథులు కూర్చునే గదిలో, చలికాలం రాత్రి పెద్దవాళ్లు పాడుతుంటే, మొదట డైనమిక్‌ను ఊద్ దగ్గర పెట్టాడు. ఊద్ వచ్చింది, చప్పట్లు పక్క వీధిలో కొట్టినట్టు వచ్చాయి. మరో రాత్రి కండెన్సర్‌ను బారెడు దూరంలో పెడితే సభంతా వచ్చింది. ముసలి యజమాని విని "నా తండ్రి దివానియా ఇట్లే ఉండేది" అన్నాడట. ఆ రాత్రి ఆయన తనకు కూడా సోఫా మీదే చోటు చూపించాడని తమ్ముడు రెండుసార్లు చెప్పాడు.

ఇక్కడ కండెన్సర్‌కు అసలు శత్రువు దుమ్ము. ఆవేశం ఉన్న పొర దుమ్మును లాక్కుంటుంది, తేమ తగిలితే చిటపటలాడుతుంది. అతని మొదటి కండెన్సర్ ఒక ఇసుక తుపానుకు కిటికీ తెరిచి ఉంచిన పాపానికి పోయింది. ఇప్పుడున్నది పని కాగానే గుడ్డలో చుట్టి, తేమ పీల్చే పొట్లాలు రెండు వేసి, ఖాళీ నీడో డబ్బాలో మూతపెడతాడు. పాలపొడి అయిపోయాక ఆ డబ్బాకు ఇంత మర్యాద మా ఇంట్లోనూ చూడలేదు. ఎస్‌ఎం58 మాత్రం కారు డాష్‌బోర్డులోనే ఉంటుంది.

"నేనేది కొనాల?" అని చివరికి అడిగాను.

"నీ రూమెట్లుంటాది?"

ప్రొద్దుటూరులో నా గది వీధి వైపు. కింద ఆటోలు, పైన ఫ్యాను, పక్కింట్లో మిక్సీ. నేను చదివేది ఒక్కడినే, గొంతు పెద్దదే, కదలకుండా కూర్చోగలను. విన్నాక చూపుడువేలితో ఎస్‌ఎం58 వైపు చూపించాడు. "బెత్తెడు దాటొద్దు" అన్నాడు. ఇదే నేను నిశ్శబ్దమైన పల్లెలో ముసలివాళ్ల పాటలు సేకరించేవాణ్ని అయితే వేలు రెండో వైపు తిరిగేదట.

మరునాడు హవల్లీ అంగడాయన నా మాట విని మొహం చిట్లించి, మెరిసే పెట్టె వెనక్కి లాక్కున్నాడు. డైనమిక్ ఒకటి కొన్నాను. మిగిలిన దినార్లతో గులాబీల దుప్పట్లు రెండు. ఒకటి ఇప్పుడు నా గది గోడకు ఉంది. చలికాలం రాగానే దించి ఇవ్వాలని మా ఆవిడ షరతు.