గిటారు బయట పెట్టి రమ్మన్నాను

గత క్రిస్మసుకు వారము ముందు మా ఆమడగూరు సంఘములో పాటల సాధన జరుగుతోంది. నా చెల్లెలి కొడుకు బెంగళూరులో కొనుక్కొన్న గిటారు పట్టుకొని లోపలికి వచ్చాడు. డోలక్, కంజీర, హార్మోనియము తప్ప వేరొకటి ఎరుగని వాడను నేను. "ఇది దేవుని మందిరము, సినిమా హాలు కాదు. దాన్ని బయట పెట్టి రా" అన్నాను. "సరే మామా" అన్నాడు. గిటారుతో పాటు వాడూ బయటికి పోయాడు. తరువాత నాలుగు ఆదివారములు వాడు కూర్చొనే చోటు ఖాళీగానే ఉంది.

ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఫోను చేసినప్పుడు, నన్ను మెచ్చుకొంటుందని ఈ సంగతి చెప్పాను. "నాయనా, ఈ ఊరి గుడి కథ ఒకటి విను" అన్నది.

సముద్రము చూడాలంటే రాత్రంతా బస్సులో పోవలసిన మెట్టసీమ మనది. లివర్‌పూల్ మెర్సీ నది సముద్రములో కలిసే చోటనున్న ఓడరేవు. లోకమంతా పేరు పొందిన బీటిల్స్ బృందము ఆ ఊరి పిల్లలదే. వారిలో జాన్ లెనన్ పెద్దమ్మ ఇంట పెరిగాడు. చిన్నతనములో వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ గుడి గాయక బృందములో పాడాడు. 1957 జూలై 6న ఆ గుడివారు తిరునాళ్లవంటి వేడుక జరుపుతూ, పదహారేండ్ల జాన్‌కూ అతని స్నేహితులకూ పాడడానికి చోటిచ్చారు. ఆ సాయంత్రము గుడి హాలులో పదిహేనేండ్ల పాల్ మెకార్ట్నీ జాన్‌ను మొదటిసారి కలిశాడు. పాల్ తల్లి ఆ ముందటి ఏడే చనిపోయింది. జాన్ తన తల్లి నేర్పిన బాంజో పద్ధతిలో గిటారు వాయించేవాడు. తీగలు సరిగా శ్రుతి చేయడము పాల్ చూపించాడు. మరుసటి ఏడు జాన్ తల్లి కారు క్రింద పడి మరణించింది. తల్లిలేని ఇద్దరు పిల్లలకు పాటే తోడయ్యింది.

"అయితే వాళ్లు గుడిలో నిలిచారా?" అని అడిగాను. నిలువలేదు. 1966లో జాన్, తాము యేసుకంటే ప్రసిద్ధులమన్న మాట క్రైస్తవులను నొప్పించింది; తరువాత క్షమాపణ చెప్పుకొన్నాడు. 1970లో బృందము విడిపోయింది. 1980లో న్యూయార్కులో జాన్‌ను ఒకడు కాల్చి చంపాడు.

చోటిచ్చినంత మాత్రాన పిల్లలు నిలుస్తారన్న పూచీ లేదు. కాని గెంటివేసిన వాడు ఎవరి పంచన చేరతాడో మనకేమి తెలుసు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి చెల్లెలి ఇంటికి వెళ్లాను. వాడు వాకిట్లో శనక్కాయలు వలుస్తున్నాడు. నేనూ కూర్చొని నాలుగు కాయలు వలిచి, "తప్పు నాదిరా. ఆదివారము గిటారు తెచ్చుకో" అన్నాను. తల ఎత్తకుండానే, "ఎక్కడ కూర్చోవాలి మామా?" అన్నాడు. "నా పక్కన."

ఆ ఆదివారము మా పాత హార్మోనియము శ్రుతికి గిటారు తీగలు కలపడానికి వాడికి చాలాసేపు పట్టింది. సంఘమంతా ఓపికగా కూర్చుంది. నేను కూడా.