చక్కెర ఎక్కడికి పోయింది?

ఆర్మూర్ అనగానే అందరికీ పసుపు గుర్తుకొస్తుంది. ఆ పసుపు ఊళ్లో ఉండే మేము చక్కెర గురించి రాస్తున్నామని నవ్వకండి. రెండింటినీ రెండు గ్లాసుల నీళ్లలో వేసి చూడండి. పసుపు నీళ్లకు రంగు ఇస్తుంది గాని, పొడి కరగదు. కాసేపటికి అడుగున పేరుకుంటుంది. వడకడితే చాలావరకు గుడ్డ మీదే నిలుస్తుంది. చక్కెర అలా కాదు. కంటికి కనిపించదు, గుడ్డకు చిక్కదు. నాలుకకు మాత్రం తెలుస్తుంది.

సైన్సు పాఠంలో దీన్ని ద్రావణం అంటారు. చక్కెర అణువులు ఒక్కొక్కటిగా విడిపోయి నీటి అణువుల మధ్య చేరుకుంటాయి. అణువు మాత్రం మారదు. అందుకే ఇది భౌతిక మార్పు. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్లలో సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. మరిగే నీళ్లలో అంతకు రెట్టింపు కంటే ఎక్కువే. నీళ్లు తగ్గితే, చల్లబడితే, పట్టనంత చక్కెర మళ్లీ గింజ కట్టాల్సిందే.

ఈ పాఠం మాకు పరీక్షలో కంటే పాల గ్లాసు దగ్గర ఎక్కువ పనికొచ్చింది. ఒక వానాకాలం స్టోర్ రూము కురిసి చక్కెర బస్తా తడిసింది. అడుగుభాగం నీళ్లలో కరిగిపోయింది. ఆ నెల కోటా అదే. పారబోస్తే చిన్న తరగతుల తమ్ముళ్లు నెలంతా చప్పటి పాలు, చప్పటి రాగిజావ తాగాలి. పెద్ద తరగతుల వాళ్లమంతా వంటశాలలో చేరాం. కరిగినదాన్ని గిన్నెలోకి వంచి గుడ్డలో వడకట్టాం. నార, మట్టి, చీమలు పైన ఉండిపోయాయి. తీపి కిందికి దిగింది.

"మంట సన్నగుండాలె. మాడితే ఇగ అది చక్కెర కాదు" అన్నది వంటక్క. నిజమే, మాడితే అణువే మారిపోతుంది. ఉప్పునీళ్లను ఎంత మరిగించినా చివరికి ఉప్పే మిగులుతుంది. చక్కెర అంత వేడికి ఓర్వదు. వంతులవారీగా కలుపుతూ కూర్చున్నాం. పాకం వేళ్ల మధ్య గట్టి తీగ సాగాక దించి, పిడికెడు పొడి చక్కెర చల్లి, చేయి ఆపకుండా కలపమన్నది. చూస్తుండగానే పాకం రవ్వరవ్వగా విడిపోయింది. రంగు కాస్త గోధుమగా ఉన్నా, పోయిందనుకున్న దాంట్లో ఎక్కువ భాగం తిరిగొచ్చింది. ఆ నెల ఎవరూ చప్పటి పాలు తాగలేదు.

మన జిల్లాలోని బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పని కూడా ఇలాంటిదే. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసాన్ని సున్నంతో శుభ్రం చేస్తారు. మాడకుండా ఉండేందుకు, గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడికే మరిగిస్తారు. సన్నటి చక్కెర పొడిని విత్తనంగా వేస్తారు. గింజ కట్టాక వేగంగా తిప్పి మడ్డిని వేరుచేస్తారు. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడి బస్తీకి శక్కర్‌నగర్ అన్న పేరు మిగిలింది.

మిత్రులారా, ఊళ్ల నుంచి కొత్తగా వచ్చే చిన్నపిల్లలు మొదటి నెలల్లో గుంపులో కలిసి కనిపించకుండా పోతారు. పేరు అడిగినా పలకరు. వాళ్లకు ఏమీ రాదని అనుకోకండి, గదమాయించకండి. పక్కన కూర్చోండి. రోజూ ఒక మాట మాట్లాడించండి. సన్నని మంట చాలు.