ఏ.ఎస్. రావు నగర్

మన పట్టణములలో పేటలకును వీధులకును రాజుల పేర్లు, దేవతల పేర్లు, దేశనాయకుల పేర్లు విరివిగా పెట్టుట వాడుక. ప్రయోగశాలలో జీవితము గడపిన ఒక శాస్త్రజ్ఞుని పేర పెద్ద పేట యొకటి వెలయుట మాత్రము అరుదు. అట్టి పేట సికిందరాబాదునకు ఈశాన్యదిక్కున గలదు. దానినే ఏ.ఎస్. రావు నగర్ అందురు. మా పెద్దమ్మగారు చిరకాలముగా అచ్చటనే కాపురముండుటచే మేము పలుమారులు పోయి వచ్చితిమి. కాని చుట్టమును చూచి, భోజనము చేసి, సాయంకాలమునకు మరలివచ్చుటయే గాని, ఆ పేటను చూచినవారము కాము. ఈ వర్షాకాలమున ఆమె తమ యింటి విషయమై ఒక యాలోచన చెప్పవలెనని కబురంపగా, రెండు దినములుండి ఆ ప్రదేశమును తీరికగా చూచి వచ్చితిమి. చూచినదానిని మా సోదరీమణులకు నివేదించుచున్నాము.

సికిందరాబాదు స్టేషనువద్ద మౌలాలీమీదుగా పోవు బస్సెక్కితిమి. 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలు రుసుము లేక ప్రయాణము చేయవచ్చును. గుర్తింపుకార్డు చూపినచో కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి యిచ్చును. బస్సులో సగమునకు పైగా మనవారే. కూరగాయల సంచులతో ఇండ్లకు మరలువారు, కళాశాలలకు పోవు బాలికలు, నాలుగిండ్లలో పాచిపని చేసికొని బ్రదుకువారు, మనుమని చూడ బయలుదేరిన ముసలమ్మలు అందరును ఒకే పలకమీద సర్దుకొని కూర్చుండిరి. పూర్వము చేతిలో చిల్లర లేక ఇల్లు కదలనివారు నేడు నిర్భయముగా బయలుదేరుచున్నారని ఆ బస్సును చూచినంతనే తెలియగలదు.

సికిందరాబాదునకు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరునుబట్టి ఆ నామము కలిగినది. అది సైన్యము విడిసిన చోటు. నేటికిని ఆ దిక్కున కంటోన్మెంటు గోడలు తగులుచుండును. కొంతదూరము పోవుసరికి మౌలాలీ గుట్ట కానవచ్చును. కుతుబ్‌షాహీల కాలమునుండియు ఆ గుట్టమీది దర్గా ప్రసిద్ధి చెందినది. గుట్ట పాదమున మహాలఖాబాయి చందా అను ఉర్దూ కవయిత్రి సమాధి యున్నది. ఆమె 1768లో జన్మించి 1824లో గతించెను. నిజాముల కొలువులో మన్ననలంది, విశేషధనము నార్జించియు, తన తల్లి సమాధిప్రక్కనే తానును నిదురించుచున్నది. ఈ త్రోవను పోవు స్త్రీలు ఒకసారి దిగి ఆ చోటు చూడదగినది.

గుట్ట దాటిన పిమ్మట ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా వచ్చును. ఈ నాలుగక్షరములును ఒక కర్మాగారపు పేరు. ఆ కర్మాగారమునుండియే ఈ పేట పుట్టినది కనుక దాని కథ ముందు చెప్పవలెను.

అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమగోదావరి మండలమున, భీమవరమునకు చేరువనున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, అచ్చటనే కొంతకాలము బోధించి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1947లో విద్యుచ్ఛాస్త్ర పట్టము నందిరి. స్వదేశమునకు మరలి హోమీ భాభాగారి ప్రక్కన చేరి పరమాణుశక్తిశాఖ పనులలో మునిగిరి. 1956లో బొంబాయికి చేరువ ట్రాంబేలో అప్సర అను అణురియాక్టరు నెలకొన్నప్పుడు దానిని అదుపులో నుంచు పరికరములను పరదేశములనుండి తెప్పింపక మనవారే చేసికొనిరి. ఆ ఎలక్ట్రానిక్ విభాగమునకు పెద్ద రావుగారు.

ఆ ప్రయోగశాలలో చేసినవానిని దేశమంతటికి అందింపవలెనన్న కర్మాగారము కావలెను గదా! అందులకై 1967 ఏప్రిల్‌లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వసంస్థ స్థాపితమయ్యెను. రావుగారు దానికి స్థాపకులు. 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు ఇచ్చటినుండి వెలువడెను. ఒకప్పుడు మన యిండ్లలో చిత్రలహరి చూచిన ఈ.సి. టెలివిజనులు ఇచ్చటివే. ఓటువేయు యంత్రపు తొలి నమూనా 1979లో ఈ సంస్థయందే తయారయ్యెను. అట్టి యంత్రములను 1982లో కేరళమున పరవూరు ఎన్నికలో మొదటిసారి వాడిరి. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతటను అవియే. మనము మీట నొక్కి వచ్చిన యంత్రము ఈ కర్మాగారమునుండి గాని, బెంగుళూరులోని మరియొక ప్రభుత్వసంస్థనుండి గాని వచ్చినదే. 2008లో చంద్రయానము చంద్రుని చేరినప్పుడు దాని మాటలు విన్న ముప్పదిరెండు మీటర్ల వెడల్పుగల పెద్ద చెవిని, బెంగుళూరువద్ద బ్యాలాలులో నెలకొల్పినదియు ఈ సంస్థవారే.

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణము లభించెను. 2003లో వారు కీర్తిశేషులైరి. కర్మాగారపు ఉద్యోగులు స్థలములు కొని యిండ్లు కట్టుకొన్న పేటకు వారి పేరే నిలిచినది. 1971లో సమీపమున అణుఇంధన సముదాయము ఏర్పడుటతో ఈ ప్రాంతమునకు నాలుగు దిక్కులనుండి జనము చేరిరి. గోదావరి మాట, ఓరుగల్లు మాట, మళయాళము, బెంగాలీ ఒకే వీధిలో వినబడును. ప్రక్కనున్న సైనికపురి సైన్యమునుండి విరమించినవారి కాలనీ. ఇట్లు జీతముమీద బ్రదికి, పొదుపుచేసి, ఒక కప్పు సంపాదించుకొన్నవారి నెలవుగా ఈ ప్రాంతము పెరిగినది.

పెద్దమ్మగారి యిల్లు ఒక అడ్డవీధిలో, రెండువందల గజముల స్థలమున గలదు. ముందొక వేపచెట్టు, వెనుక కరివేపాకుచెట్టు, ప్రక్కన పూలమొక్కలు. పెదనాన్నగారు కర్మాగారమున పనిచేసి విరమించినవారు. నాలుగేండ్ల క్రిందట కాలము చేసిరి. కాఫీ త్రాగుచు పూర్వకథ చెప్పుమని కోరితిమి.

"అప్పుడిక్కడ ఏముందమ్మాయీ? బండలూ, సర్కారు తుమ్మలూను. పునాది తీస్తే గునపం ఖంగుమనేది. మీ పెదనాన్నగారు పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే సాయంత్రానికి గాని రారు. మేస్త్రీతో మాట్లాడడం, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోవడం, గోడలు తడపడం అంతా నాదే. పిల్లవాణ్ణి చంకనేసుకుని ఎండలో నుంచునేదాన్ని. నాలుగిళ్ళ ఆడవాళ్ళం కలిసి ఒక బోరు వేయించుకున్నాం. ఎవరింట్లో జ్వరమొచ్చినా మిగతా మూడిళ్ళవాళ్ళూ వండి పెట్టేవాళ్ళం" అని ఆమె చెప్పిరి.

ఇండ్ల పత్రములమీద మగవారి పేర్లే యుండవచ్చును. కాని ఆ గోడలను తడిపినవారు, బోరునకు చందాలు పోగుచేసినవారు, పిల్లలను బడికి పంపి సంఘము నిలిపినవారు ఇట్టి యిల్లాండ్రే యని మాకు తోచినది.

మరునాడుదయమున పెద్దవీధి చూచితిమి. కర్మాగారపు చౌరస్తానుండి, సినిమాహాలు పేర వెలసిన రాధిక చౌరస్తామీదుగా ఏ.ఎస్. రావు నగర్ పోవు ఆ త్రోవ నేడొక పెద్ద బజారు. పట్టుచీరలు, బంగారు నగలు, మందులు, మిఠాయిలు, కళ్ళజోళ్ళు, పిల్లలకు ప్రవేశపరీక్షల శిక్షణ సమస్తమును అచ్చట దొరకును. పెండ్లిబట్టలకై సికిందరాబాదునకు పోవలసిన పని లేదని ఇచ్చటివారు గర్వపడుదురు. కూరగాయలకు కుషాయిగూడలో రైతుబజారు గలదు. చర్లపల్లిలో 2025 జనవరిలో ప్రారంభమైన క్రొత్త రైలుస్టేషను దగ్గరనే యున్నది. హైదరాబాదు మెట్రోరైలు 2017లో నడక మొదలిడినను ఇంతవరకును ఈ దిక్కునకు రాలేదు. ఉదయసాయంకాలములందు వాహనములు చీమలబారువలె నిలిచిపోవును.

పరిపాలనము కూడ మారినది. పూర్వము ఇది కాప్రా పురపాలక సంఘములోనిది. 2007లో ఆ సంఘము గ్రేటర్ హైదరాబాదులో కలిసెను. 2016లో రంగారెడ్డి జిల్లానుండి విడివడి మేడ్చల్ జిల్లాలో చేరెను. ఇట్లు పల్లెయంచు పురమై, పురము మహానగరమున ఒక భాగమయ్యెను.

ఇక పెద్దమ్మగారి యాలోచన యేమనగా, ఒక బిల్డరు ఆమె యింటిని పడగొట్టి అంతస్తులు కట్టి, సగము వాటాలు ఆమెకిత్తునని చెప్పుచున్నాడు. పెద్ద కుమారుడు అమెరికాలో, చిన్నవాడు బెంగుళూరులో నున్నారు. ఒంటరిగా నుండుటకంటె నలుగురి నడుమ, లిఫ్టును కాపలాదారును గల చోట నుండుట మేలని వారి తలంపు. అది త్రోసిపుచ్చదగిన మాట కాదు. మెట్లెక్కలేని వయసున, రాత్రి తలుపు తట్టిన దెవరో యని బెదరు వారికి పాత యింటి మమకారమొక్కటియే తోడు కాజాలదు. ఆ వీధిలో సగము ఇండ్లిదివరకే అంతస్తులైనవి.

అయినను ఆమె సందేహించుటకు వేరొక కారణము గలదు. "ఎదురింటివాళ్ళు కట్టాక మా బోరు ఎండాకాలంలో రెండుసార్లు ఆగింది. ఒక కుటుంబం తాగిన చోట పదికుటుంబాలు తాగితే భూదేవి మాత్రం ఎక్కణ్ణించి తెస్తుంది?" అని అడిగిరి.

ఆ ప్రశ్నను మనసులో నుంచుకొని సాయంకాలము కాప్రా చెరువు చూడబోతిమి. ఈ దక్కను భూమి నల్లరాతి నేల. నదులు తక్కువగుటచే పూర్వులు వాననీటిని పల్లపుచోట్ల ఆపి చెరువులు కట్టిరి. రాతిపై కొలది లోతు మన్నులోను, రాతి పగుళ్ళలోను నీరు నిలుచును. బోరులో వచ్చునది ఆ నీరే. చెరువు నిండియున్నంతవరకు చుట్టుప్రక్కల పగుళ్ళు నిండును. చెరువును క్రమక్రమముగా కప్పివేసి, ముంగిళ్ళకు సిమెంటు పూసినచో, వాన యెంత కురిసినను కాలువలో పడి పోవును గాని నేలలో దిగదు. మేము చూచునప్పటికి కాప్రా చెరువునీటిపై గుఱ్ఱపుడెక్క పచ్చగా పరచుకొని యుండెను. ఒక ప్రక్కనుండి మురుగు వాసన కొట్టుచుండెను. గట్టుమీద మాత్రము వృద్ధులు నడుచుచుండిరి, ఒక కొంగ నిశ్చలముగా నిలిచి చేపకై కాచుకొనియుండెను. బతుకమ్మను సాగనంపుటకైనను మంచి నీరున్న చెరువు కావలదా యని పెద్దమ్మగారు నిట్టూర్చిరి.

మహానగరమునకు 2004లో కృష్ణాజలము, 2015లో గోదావరీజలము దూరదేశములనుండి పంపులతో వచ్చినవి. దానివలన కుళాయిలలో కష్టము తగ్గినది. కాని నూరుమైళ్ళ దూరమునుండి తెచ్చిన నీటిని నమ్ముకొని, డాబామీద పడిన నీటిని వీధిలోనికి త్రోయుట గృహిణి లక్షణము కాదు. లెక్క చూడుడు. హైదరాబాదున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. నూరు చదరపు మీటర్ల డాబామీద పడునది ఎనుబదివేల లీటర్లు. అనగా ఐదువేల లీటర్ల ట్యాంకరులు పదునారు! అందు సగము నేలలో దిగినను ఎనిమిది ట్యాంకరులు మిగిలినట్లే.

దీనికై చేయవలసినది సులభము. డాబాగొట్టము దిగు చోట ఒక గుంత త్రవ్వించి, క్రింది సగము పెద్దకంకర, దానిపై పావువంతు చిన్నకంకర, ఆపైన కొంచెము ముతక యిసుక వేసి, మీది భాగము ఖాళీగా విడువవలెను. దీనినే ఇంకుడుగుంత యందురు. ఏటేట వానలకు ముందు పైయిసుకను తీసి కడిగి వేసినచో చాలును. సబ్బునీరు, మురుగునీరు అందులోనికి పోనీయరాదు.

రాత్రి భోజనమైన పిమ్మట పెద్దమ్మగారు బిల్డరిచ్చిన కాగితమును మా చేతికిచ్చి చదివించుకొనిరి. వాటాల లెక్కయు, గడువును, అద్దెమాటయు గలవు. నేలమాట లేదు. ఆమె కొంతసేపు ఊరకుండి, చిన్నకుమారునికి టెలిఫోను చేయించి ఇట్లనిరి: "నాయనా, ఇవ్వనని అనడం లేదు. వేపచెట్టు వైపు ఆరడుగుల మట్టి వదలాలి. రెండు ఇంకుడుగుంతలు తవ్వాలి. డాబా నీళ్ళు వాటిలోకే రావాలి. ఈ మూడూ ఒప్పందంలో రాస్తేనే సంతకం పెడతాను. లేకపోతే ఈ మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉంటాను."

మరునాడు బిల్డరు వచ్చి, మట్టి విడిచినచో రెండు కార్లు నిలుపు చోటు పోవునని లెక్క చూపెను. ఆమె అతనికి కాఫీ యిచ్చి, ఆ కార్లవారు స్నానము చేయవలదా యని మెల్లగా అడిగిరి. అతడు నవ్వి, ఇంజినీరు నడిగి వచ్చెదనని పోయెను. మేము బయలుదేరు వేళకు ఇంకను బదులు రాలేదు.

మరలి వచ్చునపుడు బస్సుస్టాపున ముగ్గురు బాలికలను ఈ పేటకు పేరుగల రావుగారెవరో తెలియునా యని అడిగితిమి. ఇద్దరు తెలియదనిరి. మూడవది, "మా తాతయ్యగారికి ఆఫీసరండీ, ఓటు మిషను కంపెనీ పెట్టినాయన" అని చెప్పెను. ప్రక్కవారిద్దరును ఆమెవంక ఆశ్చర్యముతో చూచిరి. తక్కిన పిల్లలకును ఆ మాట ఇంటనే తెలియవలసియున్నది.

సోదరీమణులారా! మీ పేట ఏదైనను అది ఎవరి పేర వెలసినదో పిల్లలకు చెప్పుడు. మీ యిల్లు అంతస్తులుగా మారు దినము వచ్చినచో, వాటాల లెక్కతోపాటు నేలలెక్కయు కాగితముపై వ్రాయించుడు. మా పెద్దమ్మగారు కట్టిచ్చిన కరివేపాకు మూట మా యింటికి చేరువరకు బస్సంతయు సువాసనలు విరజిమ్మెను.